మా ఊరి చెరువు కట్ట: తూము నుంచి మత్తడి దాకా, 2025 పని డైరీ

ఏప్రిల్, రెండో వారం

నీళ్లు పెద్ద తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) కిందికి దిగిపోయాయి కాబట్టి కట్టను లోపలి వైపు నుంచి కూడా నడిచి చూసే వీలు దొరికింది. ముందు కొలతలు రాసి పెడతా, గ్రూపులో పదే పదే అడుగుతున్నారు. కట్ట పొడవు 410 మీటర్లు, మధ్యలో ఎత్తు ఐదున్నర మీటర్లు, పైన వెడల్పు రెండున్నర. తూములు రెండు, మత్తడి (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) పొడవు 20 మీటర్లు, ఆయకట్టు 85 ఎకరాలు, పైనుంచి నీళ్లు వచ్చి పడే జాగా సుమారు 3 చదరపు కిలోమీటర్లు.

పోయినేడు ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు మా మహబూబాబాద్ జిల్లాలో ఎవరూ మర్చిపోరు, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర, మట్టి మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఆ వానకు మా కట్ట నిలబడింది, కానీ ఒక చోట నీళ్లు కట్ట పైఅంచుకు జానెడు దూరం దాకా వచ్చాయి. ఊళ్లో ఈ కట్ట రిపేరుకు చందా పుట్టిందంటే ఆ జానెడు వల్లే.

"డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది కదా, సర్కారోళ్లే చూసుకుంటరు" అని ఒకాయన అన్నాడు. ఆ 2021 చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములకు, 10 నుంచి 15 మధ్యలో ఉంటే పొడవు, నిల్వ లాంటి షరతుల్లో ఒక్కటైనా కుదిరితేనే. మా కట్ట ఐదున్నర. అంటే మాది ఆ చట్టం కిందికే రాదు, కానీ కట్ట కింద బడి ఉంది, ఒక వాడ ఉంది, ఆ తర్వాతే పొలాలు. 2015లో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో చెరువులు, కుంటలు లెక్కపెడితే 46 వేలకు పైనే తేలాయి, అందులో ఎక్కువ భాగం మా లాంటి మట్టి కట్టలే, వాటికి కాపలా అంటే ఊరే.

ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సారు పర్మిషన్ ఇచ్చారు, పని ఆయన చెప్పిన పద్ధతిలోనే, ఆయన చూస్తుండగానే అని షరతు. మా మండలంలోనే ఉండే ఒక రిటైర్డ్ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సారు కూడా వస్తానన్నారు. మూడో మనిషి మా పాత నీరటి తాత. ఇప్పుడు తూము ఎత్తేది దించేది ఎవరికి వాళ్లే గానీ, ఒకప్పుడు ఆ పని మొత్తం ఆయనదే.

ఏప్రిల్, నాలుగో వారం

ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) అద్దెకు తెచ్చి కట్ట పైన పది మీటర్లకొక రీడింగ్ తీశాం. ఇది అందరూ చేయాల్సిన పని అని గట్టిగా చెప్తా, ఎందుకంటే కంటికి కట్ట సమానంగానే కనిపిస్తుంది. మాకు బండ్ల బాట కట్టను దాటే చోట 12 మీటర్ల మేర 40 సెంటీమీటర్లు దిగిపోయి ఉంది. ట్రాక్టర్లు ఏళ్ల తరబడి అక్కడే ఎక్కి దిగి నలగ్గొట్టాయి. ఆ జానెడు కథ జరిగింది కూడా అక్కడే. మట్టి కట్ట మీద నుంచి నీళ్లు పొర్లితే కోత మొదలయ్యేది అన్నిటికంటే పల్లం ఉన్న చోటే, మిగతా 398 మీటర్లు ఎంత ఎత్తున్నా లాభం లేదు.

నేను రాసిచ్చిన ఎస్టిమేట్‌లో మొదటి ఐటమ్ అదే పెట్టా. ఊరి మీటింగ్‌లో వచ్చిన లిస్టు మాత్రం వేరే: కట్ట మీద సీసీ రోడ్డు, బతుకమ్మ ఘాట్, లైట్లు, రెండు సిమెంటు బెంచీలు. నాకు ఘాట్ మీద కోపం లేదు, మా అమ్మే ముందు అడిగింది. కానీ కంటికి కనిపించే పనికి డబ్బులు వెంటనే పుడతాయి, కట్టను నిలబెట్టే పని భూమి లోపల ఉంటుంది కాబట్టి దానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. చివరికి రోడ్డు పక్కకు పోయింది, ఘాట్ వచ్చే ఏడాదికి.

చెట్ల పంచాయితీ కూడా ఇదే వారం. బయటి వాలు మొత్తం సర్కారు తుమ్మ, మనిషి దూరలేడు, దూరలేడు కాబట్టి కింద ఊట ఎక్కడుందో పదేళ్లుగా ఎవరూ చూడలేదు. "జేసీబీ పెట్టి అన్నీ పీకేద్దాం" అని కుర్రాళ్లు. డీఈ సారు ఆపారు. చిన్న మొక్కలు వేర్లతో సహా పీకొచ్చు, పెద్ద చెట్టును మాత్రం మొదలు దగ్గర నరికి మోడు వదిలేస్తే కొన్నేళ్లకు వేర్లు కుళ్లి వాటి జాగాలో లోపల గొట్టాలు మిగులుతాయి, నీళ్లకు అదే దారి. నరికితే మోడు తవ్వి తీసి, ఆ గొయ్యిని పొరలు పొరలుగా మట్టి పోసి కొట్టి నింపాలి, లేదంటే ముట్టుకోవద్దు. తుమ్మ మొత్తం అలాగే తీశాం. ఈత చెట్ల జోలికి పోలేదు, అవి గౌడన్నల బతుకు, పైగా వాటి వేర్లు పీచులాగ పైపైనే ఉంటాయి. కట్ట మైసమ్మ గుడి వెనక వేప చెట్టు పెద్దది, దాన్ని కొట్టే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. చుట్టూ చదును చేసి, వానల్లో చూడాల్సిన చోట్ల లిస్టులో రాసుకున్నాం.

తుమ్మ పోయాక బయటపడినవి: ఎలుక బొక్కలు, ఎండ్రికాయల బొరియలు, ముళ్లపంది తవ్విన ఒక పెద్ద బిలం, పెద్ద తూముకు కుడి వైపు కట్ట అడుగున ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న తుంగ గడ్డి. నీళ్లు ఇంత తగ్గిన ఏప్రిల్‌లో తుంగ పచ్చగా ఉందంటే దానికి నీళ్లు ఎక్కడి నుంచో వస్తున్నట్టే.

ఎండ్రికాయల మీద ఒక మాట. 2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే డ్యామ్ రాత్రి పూట తెగి మనుషులు కొట్టుకుపోయారు, అప్పుడు అక్కడి మంత్రి ఒకాయన ఎండ్రికాయలే కారణం అన్నాడు, దేశమంతా నవ్వింది. బొరియలు కట్టను బలహీనం చేసే మాట నిజమే, కానీ అక్కడి ఊరోళ్లు లీకేజీ గురించి అంతకుముందే చెప్పుకున్నారు. కట్ట నిండా బొరియలు ఉన్నాయంటే అది ఎండ్రికాయ తప్పు కాదు, ఏళ్ల తరబడి ఎవరూ కట్ట అడుగున నడవలేదని లెక్క.

మే, మొదటి సగం

ఈ డైరీలో ఎక్కువ రాయాల్సింది పెద్ద తూము గురించే.

అది రాతి తూము, డంగు సున్నంతో కట్టింది, లోపల గొట్టం 60 సెంటీమీటర్ల వెడల్పు, 75 ఎత్తు. నీళ్ల వైపు వాలు మీద, తూముకు సరిగ్గా పైన, ఒక గుంట ఉంది. తాతను అడిగా. "అది ఎప్పటిదో కొడుకా, ఏటా వానల ముంగట నాలుగు తట్టల మన్ను పోస్తుంటి, మల్ల దిగుతుండె" అన్నాడు. ఏటా నాలుగు తట్టల మన్ను పోతోందంటే ఎక్కడికి పోతోంది? మొబైల్ కర్రకు కట్టి వీడియో ఆన్ చేసి గొట్టంలోకి తోశాం. రాళ్ల మధ్య సున్నం సగానికి పైగా కరిగిపోయింది, ఒక చోట పై రాయి పక్కకు జరిగి సందు పడింది, ఆ సందు కింద ఎర్రమట్టి కుప్ప. కట్ట లోపలి మట్టి కొంచెం కొంచెంగా తూములోకి రాలి, తూము తెరిచినప్పుడల్లా పొలానికి పోతోంది. పైన చూస్తే గుంట, లోపల డొల్ల.

డీఈ సారు అక్కడే కూర్చుని చెప్పింది రాస్తున్నా. మట్టి మట్టితో కలుస్తుంది, రాయితో కలవదు. మట్టీ రాయీ ఆనుకునే ప్రతి చోటా ఎంత కొట్టినా సన్నటి సందు ఉంటుంది, నీళ్లు ఆ సందు వెంట నడుస్తాయి. నడిచే నీళ్లు మట్టి రేణువులను మోసుకుపోవడం బయటి వైపు మొదలై లోపలికి పాకుతుంది, ఆ దారి చెరువు నీళ్లను తాకిందంటే బుంగ, బుంగ పడ్డాక గండికి గంటలు చాలు. 1976లో అమెరికాలో టీటన్ డ్యామ్ ఇలాగే లోపలి కోతతోనే పోయింది, పొద్దున మురికి ఊట కనిపించింది, మధ్యాహ్నం లోపు డ్యామ్ లేదు. అది 90 మీటర్ల పైన ఎత్తున్న కొత్త డ్యామ్, మొదటిసారి నింపుతున్నప్పుడు జరిగింది.

రిపేరుకు రెండు దారులు. ఒకటి కట్టను అడ్డంగా కోసి కొత్త తూము కట్టడం. మంచి పద్ధతే గానీ మేలో కట్ట కోస్తే వానల లోపు మళ్లీ సరిగ్గా కొట్టి నింపగలమన్న గ్యారంటీ లేదు, డబ్బులు కూడా లేవు. రెండోది పాత గొట్టంలోకి 315 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు తోసి, పైపుకూ రాతికీ మధ్య ఖాళీని సిమెంటు గ్రౌట్‌తో (పల్చగా కలిపిన సిమెంటుతో) నింపేయడం. 85 ఎకరాల్లో సగం పారే తూముకు ఆ సైజు చాలు. ఏఈ సారు రెండో దానికే ఓకే అన్నారు. మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. పైన డొల్లను గట్టి మట్టి తగిలే దాకా తవ్వి, 15 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిసతో కొట్టాం. తూము పక్కన రోలర్ పెట్టొద్దన్నారు, రాయి కదులుతుందని. మట్టి తడి చూసుకోవడానికి ల్యాబ్ లేకపోయినా ఒక లెక్క ఉంది: పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి తడి అంటకూడదు, నడుము ఎత్తు నుంచి వేస్తే నాలుగైదు ముక్కలు కావాలి. పిండి అయిపోతే పొడి ఎక్కువ, అప్పచ్చిలా అణిగిపోతే నీళ్లు ఎక్కువ.

మట్టి ఎక్కడిది అని ఇంకో గొడవ. పూడిక మన్ను దగ్గరే ఉంది కదా అన్నారు. పూడిక పొలానికి బంగారం, కట్టకు మాత్రం పనికిరాదు, ఎండితే పగుళ్లు, తడిస్తే జారుడు. ఎర్రమట్టి రెండు కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చాం. ఇంకోటి, పూడిక తీసేటప్పుడు కట్ట లోపలి అడుగుకు ఆనుకుని తవ్వడం చాలా ఊళ్లలో చూస్తున్నా, ట్రాక్టరుకు దగ్గర అని. అక్కడ తరాలుగా పేరుకున్న జిగట మట్టే ఊటను ఆపే పరుపు, దాన్ని తీసేస్తే కట్ట కింద ఇసుక పొరకు తలుపు తెరిచినట్టే. కట్ట నుంచి 15 మీటర్ల లోపు ఎవరూ తవ్వొద్దని సున్నం గీత కొట్టించాం.

మే, నెలాఖరు

వానాకాలం ముందే వచ్చేసింది. నైరుతి మే నెలాఖరుకే తెలంగాణలోకి దిగింది, మేము జూన్ రెండో వారం అనుకుని ప్లాన్ వేసుకున్నాం. బండ్ల బాట పల్లం నింపడం అయిపోయింది, అది నయం.

మిగిలింది తుంగ గడ్డి ఉన్న చోటు. ఇక్కడ ఊరంతా ఒకటే మాట: "లీకు కాడ జిగట మన్ను ఏసి తొక్కుదాం, పైన సిమెంటు కొడదాం." వినడానికి కరెక్టుగానే ఉంటుంది. కానీ బయటి వైపు ఊట నోరు మూస్తే నీళ్లు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి వాలు తడిసి జారుతుంది, లేదా ఇంకో చోట, ఈసారి కనిపించని చోట, దారి వెతుక్కుంటుంది. ఊటను ఆపాలంటే చెరువు వైపే ఆపాలి, బయటి వైపు చేయాల్సింది జల్లెడ పని, నీళ్లను వదిలి మట్టిని పట్టుకోవడం. కట్ట అడుగున మీటరు లోతు కాలువ తీసి ముందు ఇసుక, దాని మీద సన్న కంకర చిప్స్, ఆ పైన పెద్ద రాళ్లు పేర్చాం, తూము బయటి మూతి చుట్టూ కూడా అదే ఇసుక కట్టు. రివర్స్ ఫిల్టర్ అంటారు. ఇసుకలో మట్టి కలిసి ఉంటే మొత్తం దండగ కాబట్టి ఇసుక కడిగించాం, కూలీలు తిట్టుకున్నారు.

ఆ ఊట నీళ్లన్నీ ఒక చిన్న కాలువలోకి తెచ్చి, చివర్లో రేకులో 90 డిగ్రీల వీ ఆకారం కోసి నిలబెట్టాం. నీళ్లు ఆ వీ లోంచి ఎంత ఎత్తులో పారుతున్నాయో స్కేలుతో చూస్తే లెక్క వచ్చేస్తుంది. 3 సెంటీమీటర్లు అంటే నిమిషానికి 13 లీటర్లు, 4 అంటే 26, 5 అంటే 46. సెంటీమీటరే కదా అనుకోవద్దు, మూడు నుంచి నాలుగుకు వస్తే ఊట రెట్టింపైనట్టు.

జులై

వానలు ముందే వచ్చాయి గానీ జూన్ అంతా మొహం చాటేశాయి. చెరువులోకి నీళ్లు లేవు. ఈ గ్యాప్‌లో మత్తడి పంచాయితీ తేలింది.

మత్తడి మీద రెండు పార్టీలకు ఆశ. ఆయకట్టు రైతులు వానల చివర్లో అడుగు ఎత్తు ఇసుక బస్తాలు పేరుస్తారు, ఇంకో తడికి నీళ్లు ఆగుతాయని. చేపల సొసైటీ వాళ్లు జాలీ కడతారు, చేపపిల్లలు పోకుండా. ఇద్దరి బాధా నిజమే. కానీ లెక్క చూడండి. 20 మీటర్ల మత్తడి మీద నీళ్లు 60 సెంటీమీటర్ల ఎత్తున పారితే సుమారు 560 క్యూసెక్కులు పోతాయి. 30 సెంటీమీటర్లు బస్తాలు పెట్టి నీటి మట్టం అక్కడే ఉంచాలంటే పారేది 30 సెంటీమీటర్లే, సగం అయింది కాబట్టి 280 పోతాయి అనుకుంటాం. కాదు, 200 మాత్రమే. ఎత్తు సగమైతే నీళ్లు మూడో వంతుకు పడిపోతాయి. మన ఏరియాకు డీఈ సారు రైవ్స్ ఫార్ములాలో (పైనుంచి నీళ్లు వచ్చే జాగాను బట్టి వరదను అంచనా వేసే లెక్క) గుణకం 8.5 తీసుకుని లెక్కేస్తే పెద్ద వానకు వచ్చే వరద 625 క్యూసెక్కుల దాకా ఉంది. అంటే బస్తాల్లేకుండానే టైటు. జాలీకి గుర్రపు డెక్క, తుమ్మ కొమ్మలు పట్టాయంటే అది కూడా బస్తాలతో సమానమే.

సొసైటీ పెద్దమనిషితో మాట్లాడటానికి మాజీ సర్పంచి కంటే తాత బాగా పనికొచ్చాడు. "మత్తడి మూస్తె చేపలు మత్తడి మీదికెల్లి పోవు రా, గండిల కెల్లి పోతయ్, అన్ని ఒక్కసారే" అన్నాడు. జాలీ ఇప్పుడు ఫ్రేములుగా చేయించారు, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టొచ్చు, వాన హెచ్చరిక వస్తే తీసేయాలి. బస్తాలు మానేయడానికి ముందు ఒప్పుకోలేదు కొందరు రైతులు, చివరికి ఒక సీజన్ చూద్దాం అన్నారు. ఆ బస్తాలే ఇసుక నింపి కట్ట దగ్గర షెడ్డులో పెట్టించాం, అవసరం వస్తే బయటి వైపు పనికొస్తాయి.

ఆగస్టు చివర

చెరువు ముప్పావు నిండింది. వీ దగ్గర 2.5 సెంటీమీటర్లు. రోజూ పొద్దున ఒక బిస్లరీ సీసాలో ఊట నీళ్లు పట్టి, గుడి అరుగు మీద పెట్టి సాయంత్రం చూస్తున్నాం, అడుగున మట్టి దిగితే డేంజర్. మొదటి కొన్ని రోజులు కొంచెం నుసి దిగింది, ఫిల్టర్ ఇసుకదే అన్నారు సారు, తర్వాత తేటగా వస్తోంది. తాత పద్ధతిలో సీసా అక్కర్లేదు: "ఊట ఉంటె భయం లేదు, ఎర్రగయితె ఉర్కాలె."

27, 28 తేదీల్లో కామారెడ్డి, మెదక్ వైపు పడిన వాన చూస్తుంటే చేతులు ఆడలేదు. నిజాం కాలం నాటి పోచారం ప్రాజెక్టు మీద నుంచి వరద పొర్లినా రాతి కట్టడం నిలబడింది, పక్కన మట్టి మాత్రం కోసుకుపోయింది. మళ్లీ అదే జాగా, రాయి అయిపోయి మట్టి మొదలయ్యే చోటు.

అక్టోబరు 30

మొంథా తుఫాను. 28 రాత్రి ఆంధ్రా తీరం దాటింది, 29న మా మీద పడింది. వరంగల్, హనుమకొండ మునిగాయి, డోర్నకల్ స్టేషన్లో పట్టాలు కనిపించలేదు. చెరువు అప్పటికే నిండి ఉంది, అంటే వచ్చిన ప్రతి చుక్కా మత్తడి మీదే పోవాలి.

జాలీ ఫ్రేములు 28 సాయంత్రమే తీసేశారు, ఎవరూ చెప్పకముందే, సొసైటీ కుర్రాళ్లే. కట్ట మీద డ్యూటీలు వేసుకున్నాం, ఇద్దరిద్దరు, ఒకరు పైన ఒకరు అడుగున, టార్చిలు, కర్రలు (పాముల కోసం). ఏఈ సారు నంబరు, కట్ట కింది వాడలో నలుగురి నంబర్లు, బడి తాళాలు ఎవరి దగ్గరున్నాయో, అన్నీ ఒక కాగితం మీద. 29 మధ్యాహ్నం మత్తడి మీద నీళ్లు 48 సెంటీమీటర్లు పారాయి, మేము పెయింటుతో గీసిన గీతల్లో అదే ఎక్కువ. బండ్ల బాట దగ్గర కట్ట పైఅంచుకు ఇంకా రెండడుగుల పైనే జాగా ఉంది.

వీ దగ్గర 5 దాటింది, అందరూ గాభరా పడ్డారు, కానీ వాన పడుతున్నప్పుడు వాలు మీద నీళ్లు కూడా ఆ కాలువలోకే వస్తాయి కాబట్టి ఆ రీడింగ్ నమ్మొద్దు. వాన ఆగాక చూస్తే 4.2. సీసా తేటగా ఉంది. పెద్ద తూము పైన గుంట లేదు. వేప చెట్టు దగ్గర ఏమీ లేదు.

రాత్రి చిన్న తూము అవతల పొలంలో ఒక చోట నీళ్లు బుడగలుగా పొంగి చుట్టూ సన్న ఇసుక పోసినట్టు కనిపించింది. మన్ను వేసి మూయబోయారు, ఆపి షెడ్డులో బస్తాలు తెచ్చి చుట్టూ గుండ్రంగా బావి గట్టులా పేర్చాం. లోపల నీళ్లు మోకాలెత్తు నిలబడగానే ఆ బరువుకు పొంగడం తగ్గింది, ఇసుక రావడం ఆగింది. బస్తాలు వదులుకున్న రైతులకే ముందు థాంక్స్ చెప్పాలి.

నవంబరు, మొదటి వారం

నీళ్లు తగ్గాక మత్తడి ఎడమ రెక్క గోడ (మత్తడి పక్కన కట్ట మట్టిని ఆపే గోడ) వెనక చూస్తే మట్టి చంకలోతు కోసుకుపోయింది, గోడ నిలబడే ఉంది గానీ వెనక ఖాళీ. ఫొటోలు, కొలతలు ఏఈ సారుకు పంపా. తాత్కాలికంగా రాళ్లు, మొరం నింపాం, కాంక్రీటు, ఫిల్టర్ ఎండాకాలంలోనే.

వచ్చే ఏప్రిల్ లిస్టు: రెక్క గోడ, చిన్న తూము (పెద్ద దానికంటే పాతది, వీడియో ఇంకా తీయలేదు), పొలంలో ఇసుక పొంగిన చోట ఫిల్టర్, లోపలి వాలు మీద జారిన రాతి పరుపు మళ్లీ పేర్చడం. మత్తడి పొడవు ఇంకో ఐదు మీటర్లు పెంచితే ఎలా ఉంటుందని సారును అడిగా, పక్క పొలం పట్టా చూడాలన్నారు. చందా ఖాతాలో ఉన్నది మొదటి రెండిటికే సరిపోతుంది. ఘాట్ మళ్లీ అడుగుతున్నారు. చిన్న తూము వీడియో తీశాక మాట్లాడదామని చెప్పా.